సుభద్రగారు సంచి సర్దిన పద్ధతి

ఈ కాన్వాసు సంచి జిప్పు సగం దూరం వచ్చాక ఆగిపోతుంది. అక్కడ పళ్ళు వంగి ఉన్నాయి. వేలితో బట్టని లోపలికి నొక్కి లాగితే గరగరమంటూ మళ్ళీ కదులుతుంది. కొన్ని రోజులుగా మా ఇంట్లో ఆ చప్పుడు ఆగడం లేదు. తెరుస్తాను, ఏదో ఒకటి పెడతాను, మూస్తాను. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో గుర్తురాక తిరిగి వస్తాను. మళ్ళీ తెరుస్తాను. వచ్చే వారం పోర్చుగల్‌లో కొయింబ్రా అనే పాత ఊరికి వెళ్తున్నాను. కొండ మీద ఊరు. అక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు, పని కూడా లేదు. ఈ సంచి మాత్రం ఒకసారి అక్కడికి వెళ్ళి వచ్చింది. దాన్ని మోసుకెళ్ళిన సుభద్రగారు నెల కిందట చనిపోయారు. "ఆంటీ, అమ్మ వస్తువుల్లో మీకేమైనా కావాలా?" అని వాళ్ళమ్మాయి ఫోన్ చేస్తే ఇది అడిగాను.

చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, డెబ్భైల చివర పిస్కాటవేలో అది ముగించి, దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ లాబ్‌లో చేరాను. సుభద్రగారు నా పై అధికారి. పొట్టి మనిషి. చీర మీద తెల్లకోటు, కాళ్ళకు టెన్నిస్ బూట్లు. మెత్తగా మాట్లాడే రకం కాదు. నా బల్ల దగ్గరికి వచ్చి ఒక సీసా ఎత్తి, "ఇది ఎందుకుంది?" అనేవారు. నేను తడబడితే, "ఎందుకుందో తెలియనిది బల్ల మీద ఉండకూడదు పద్మా" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. మొదట్లో ఆమె అడుగుల చప్పుడు వింటేనే గబగబా బల్ల సర్దేసేదాన్ని. తర్వాత తర్వాత ఆమె రాకముందే ఆ ప్రశ్న నాకు నేనే వేసుకోవడం మొదలుపెట్టాను.

ఎనభై మూడో, ఎనభై నాలుగో, ఒక చలికాలంలో ఆమె పార్కింగ్ లాట్‌లో మంచు మీద జారిపడ్డారు. మోకాలు దెబ్బతింది. అదే ఏడాది శరత్కాలంలో కొయింబ్రా విశ్వవిద్యాలయంలో ఒక సదస్సు ఉంది. ఏళ్ళ తరబడి ఆమె చేసిన పనిని అక్కడ వినిపించడానికి పిలుపు వచ్చింది. ఆమె కుంటుకుంటూ నడవడం చూసి మా విభాగాధిపతి, "మీరు విశ్రాంతి తీసుకోండి సుభద్రా, మీ బదులు నేను వెళ్ళి చదివి వస్తాను" అన్నాడు.

"ఆయన చెడ్డవాడైతే బాగుండేది" అన్నారామె ఆ మధ్యాహ్నం, క్యాంటీన్‌లో కాఫీ తాగకుండా తిప్పుతూ. "పోట్లాడి ఊరుకునేదాన్ని. మంచివాడు. నిజంగానే నా కాలు గురించి అడుగుతున్నాడు. కానీ ఆయన నోటంట ఒక్కసారి వస్తే అది ఆయన పని అయిపోతుంది. రేపు ఎవరికీ నేను గుర్తుండను."

"అయితే వెళ్ళండి మేడమ్."

"వెళ్తాను. ఒక్కదాన్నే వెళ్ళి, నా సామాను నేనే మోసుకుని పైకెక్కాలి. బస కొండ మీద. కారు గుమ్మం దాకా పోదట. ఒక మెట్ల దారికి నడుమువిరుపు అని పేరట, తెలుసా?"

ఆమె వెళ్తున్నారన్న సంగతి ఇక్కడి మా తెలుగువాళ్ళలో పాకడానికి ఒక్క శనివారం చాలింది. ఆ రోజుల్లో విమానం ఎక్కే మనిషంటే మాకు పోస్టాఫీసే. విటమిన్ బిళ్ళలు, నైలెక్స్ చీరలు, కెమెరాలు, ఎవరో బావమరిదికి వాచీ, ఎవరో పిన్నిగారికి కళ్ళజోడు. కాదనడం మర్యాద కాదు. సుభద్రగారు ఇండియా వెళ్ళిన ప్రతిసారీ సూట్‌కేసు నిండా ఊరి జనం సామానే. తనవి రెండు చీరలు ఎక్కడో అడుగున ఉండేవి.

ఈసారి ఆమె వెళ్ళేది ఇండియాకి కాదు. అయినా మా వాళ్ళలో ఒకరైన శకుంతలగారు ప్యాకెట్ పట్టుకుని ఆమె ఇంటికి వచ్చేశారు. నేనక్కడే ఉన్నాను.

"లండన్‌లో ఫ్లైట్ మారతారటగా వదినా! నాలుగు గంటలు ఊరికే కూర్చోవాలి. మా తమ్ముడు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి కలెక్ట్ చేసుకుంటాడు. చిన్న ప్యాకెట్టే. వాడి కూతురికి రెండు గౌన్లు, ఒక మిక్సీ జార్."

"ట్రాన్సిట్‌లో ఉన్నవాళ్ళని బయటికి పోనివ్వరండీ."

"అద్దంలోంచి చూపిస్తే వాడు గుర్తుపడతాడులే."

"గుర్తుపడితే? అద్దంలోంచి జార్ ఎలా ఇస్తాను?"

శకుంతలగారు నవ్వారు కానీ ప్యాకెట్ ఒళ్ళోంచి తీయలేదు. సుభద్రగారు ఆ ప్యాకెట్ తీసుకుని, ఒకసారి బరువు చూసి, తిరిగి ఇచ్చేశారు. "ఈసారి వద్దండీ" అన్నారు.

కారణం చెబుతారని శకుంతలగారు ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. చివరికి ఆవిడే, "అవున్లే, కాలు నొప్పి కదా పాపం" అంటూ ఒక దారి చూపించారు.

"కాలు బానే ఉందండీ. వద్దు, అంతే. కాఫీ తాగి వెళ్ళండి."

కారణం లేకుండా, కోపం లేకుండా 'వద్దు' అనవచ్చని నేను మొదటిసారి చూసింది అప్పుడే. శకుంతలగారు కాఫీ తాగే వెళ్ళారు. మిన్ను విరిగి మీద పడలేదు. కానీ ఆవిడ వెళ్ళాక సుభద్రగారు గదిలో అటూ ఇటూ తిరిగారు, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని. "నాకోసం నేను ఎప్పుడూ సర్దుకోలేదే పద్మా" అన్నారు. "ఏం పెట్టుకోవాలో తోచడం లేదు."

అప్పట్లో చక్రాల సూట్‌కేసులు కొత్త. కుక్కని లాగినట్టు తాడుతో లాగాలి. నున్నటి నేల మీదే పక్కకి పడిపోయేవి, రాళ్ళ దారిలో అవి పనికిరావని ఆమె మొదటే తేల్చేశారు. సైన్యం పాత సామాను అమ్మే దుకాణంలో ఈ కాన్వాసు సంచి కొన్నారు. ఆఫీసు అయ్యాక ఇద్దరం యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్ళేవాళ్ళం. ఖాళీ సీట్ల మధ్య మెట్లుండేవి. ఆమె సంచి భుజాన వేసుకుని ఎక్కేవారు. మోకాలు మొరాయించిన చోట కూర్చుని, సంచి తెరిచి, ఒకటి తీసి నా చేతికిచ్చేవారు. మర్నాడు ఇంకొంచెం పైదాకా ఎక్కేవారు.

పట్టుచీర మొదటిరోజే పోయింది. దాని బదులు పిడికిట్లో పట్టే నైలెక్స్ చీర వచ్చింది. ఉతికితే గంటలో ఆరుతుంది. రెండో జత బూట్లు పోయాయి. వాన కోటు ఉంది, మోకాలికి చుట్టే క్రేప్ బ్యాండేజి ఉంది. ఉపన్యాసం స్లైడ్లు సంచిలో పెట్టలేదు. అవి ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో, చంకలో. ఒక స్వెట్టర్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు.

"ఇది అవసరమా, భయమా?" అన్నారు, నన్ను కాదు.

"చలి వేస్తే అవసరమే కదా మేడమ్?"

"ఒకటి ఉందిగా. రెండోది భయం. సరే, భయమైతే ఎవరిది? ఇది మా అమ్మది. చలిగాలి అంటే ఆవిడకి భయం. ఆవిడ పోయి పదేళ్ళయింది, నేనింకా రెండేసి స్వెట్టర్లు మోస్తున్నాను." దాన్ని నాకిచ్చేశారు.

తీసినవి తీసినట్టు ఉండేవి కావు. ఆమె భర్త ప్రకాశరావుగారు రోడ్ల శాఖలో ఇంజనీరు. నెమ్మదైన మనిషి. అమ్మాయి హైస్కూల్లో ఉంది కాబట్టి ఆయన ఆమె వెంట వెళ్ళడానికి లేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి సుభద్రగారు సంచిలోంచి ఒక పొట్లం బయటికి లాగుతున్నారు.

"ఏమండీ, ఈ ఉప్మారవ్వ ఎవరు పెట్టారు?"

"నాకేం తెలుసు?" అన్నారాయన పేపర్ దించకుండా.

"తనంతట తనే నడిచొచ్చి పడుకుందా?"

"వాళ్ళు చేపలు తింటారు సుభద్రా. నువ్వేం తింటావు?"

"రొట్టె తింటాను. వండుకోవడానికి అక్కడ పొయ్యెక్కడుంది?"

ఆయన పేపర్ మడిచి, లేచి, గరాజ్ వైపు వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నారు. మేము చూడనట్టు నటించాం.

చివరిసారి స్టేడియానికి వెళ్ళినప్పుడు వాన తుంపర. రాళ్ళ మీద తడి ఎలా ఉంటుందో తెలియాలి, పద, అన్నారు. సగం పైకి వెళ్ళాక ఆమె మోకాలు మడత పడినట్టయింది. కూలబడిపోయారు. నేను పరుగెత్తాను. ఆమె మొహం పాలిపోయి ఉంది. ఆ క్షణంలో నేను అనుకున్నది దాచను. ఈమె వెళ్ళలేరు, ఆ మంచివాడే వెళ్తాడు అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నారేమో, చాలాసేపు ఖాళీ మైదానం వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత సంచి తెరిచారు. తీయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అడుగున తువ్వాలు చుట్టి ఒక పెద్ద టార్చ్‌లైటు ఉంది, లావుపాటి బ్యాటరీలతో సహా. అన్నిటికన్నా బరువు అదే.

"హమ్మయ్య, ఇది తీసేస్తే చాలు" అన్నాను.

ఆమె దాన్ని వెలిగించి చూశారు, ఆర్పారు. "చీకట్లో మెట్ల మీద పడిపోతానని. ఆయన రాత్రి పూట కలవరిస్తున్నారు" అన్నారు. మళ్ళీ తువ్వాల్లో చుట్టారు.

"మీరే అన్నారుగా మేడమ్, భయాలు తీసెయ్యాలని."

"ఎవరివో తెలుసుకోమన్నాను. ఇది ఆయనది. ఇది నేను మోస్తాను." చివరికి తీసి ఇచ్చింది తన రెండో చీర. బ్యాండేజి బిగించుకుని లేచారు. నేను చెయ్యి అందించలేదు, ఆమె కోరుకునేది అది కాదని అప్పటికి తెలుసు. మధ్యలో ఇంకోసారి కూర్చున్నారు. కానీ పైదాకా ఎక్కారు.

వెళ్ళారు. తన పని తనే వినిపించారు. తిరిగి వచ్చిన సాయంత్రం ఎయిర్‌పోర్ట్‌లో ప్రకాశరావుగారు సంచి అందుకుంటూ అడిగిన మొదటి మాట, "టార్చ్ పనికొచ్చిందా?"

"అది లేకపోతే పడిపోయేదాన్నండీ."

ఆయన నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు తలూపారు. ఆయన కారు తేవడానికి వెళ్ళాక ఆమె నాతో అన్నారు: "అక్కడ వీధి దీపాలు పట్టపగల్లా ఉన్నాయే. సంచిలోంచి తియ్యనేలేదు." మోకాలు నిమురుకుంటూ, "ఆ మెట్ల మీద నాలుగుసార్లు కూర్చున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అక్కడివాళ్ళు కూడా కూర్చుంటూనే ఎక్కుతారు" అన్నారు.

తర్వాత ఒకరోజు ఆమె మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, మంచం కింద నా పెద్ద సూట్‌కేసు చూశారు. ఈ దేశం వచ్చి ఏళ్ళవుతున్నా నేను దాన్ని పూర్తిగా విప్పలేదు. వీసా సంగతి తేలకపోతే వెంటనే వెళ్ళిపోవాలి కదా అని సగం బట్టలు అందులోనే ఉంచేదాన్ని. ఆమె ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. బూటు కొసతో దాన్ని తట్టి, "ఇది ఎవరిది?" అన్నారు. సూట్‌కేసు గురించి అడగడం లేదని అర్థమైంది. విప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇందు ఆష్‌బర్న్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చి, మడతపెట్టే చేతికర్రలు రెండు ఈ సంచిలో కుక్కింది. "ఆర్గ్యూ చెయ్యకు మమ్మీ, జస్ట్ పెట్టుకో" అంది, తను పలికే తెలుగులో. అది వెళ్ళగానే తీసేశాను. అవి ఎవరి భయమో నాకు తెలుసు. మళ్ళీ పెట్టాను.

నా భయం వేరే ఉంది. ఆ మెట్లు ఎక్కి దిగి వచ్చేస్తే సుభద్రగారి కోసం చేయడానికి ఇక ఏమీ మిగలదు. దాన్ని ఎక్కడ తీసి పెట్టాలో తెలియకే ఈ జిప్పు ఇన్నిసార్లు లాగుతున్నాను. ఆమె ఉంటే ఏమనేవారో ఊహించడం మానేశాను.

ఇందాక సంచి మూసి, బేస్‌మెంట్ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి భుజాన వేసుకున్నాను. పట్టీ ఆమె ఎత్తుకు బిగించి ఉంది, నాకు పొట్టి. సంచి చంక కింద ఇరుక్కుంటోంది. బకిల్ మీద చెయ్యి వేశాను కానీ వదులు చేయలేదు. అలాగే ఎక్కడం మొదలుపెట్టాను.