ఖాళీ ఇల్లు చాలు అన్నాను

మేకుల చిల్లుల్లో సబ్బు కూరి, పైన సున్నం రాసి, గోడ కొత్తగా కనిపించేలా చెయ్యడం నాకు పెళ్ళయిన మూడో ఏటికే వచ్చేసింది. మా అత్తగారు నేర్పారు. ఇక్కడ బెంగాల్లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో కాపురం చేసిన ఏ తెలుగావిడకైనా వంట తర్వాత రావలసిన విద్య ఇదే. క్వార్టరు మారినప్పుడల్లా ఆఫీసు నుంచి ఒక మనిషి కాగితం పట్టుకుని వస్తాడు. కుళాయిలు, గడియలు, కిటికీ అద్దాలు సరిచూసుకుంటాడు. వాళ్ళిచ్చినవి వాళ్ళకుండాలి. మనం పెట్టుకున్నవి ఉండకూడదు. వెదురు దడి, రేకుల పంచ, బట్టలారేసే తీగ, పెరట్లో వేసుకున్న అరుగు, అన్నీ ఊడబెరుక్కుని పోవలసిందే.

అందుకే మావాళ్ళలో ఒక మర్యాద పుట్టింది. క్వార్టరులో కొత్తగా దిగేవాళ్ళు పాతవాళ్ళతో ముందుగానే అంటారు: "మీరెట్టుకున్నయన్నీ మీరట్టుకెళ్ళిపోండి, మాకు కాళీ ఇల్లు సాలు." మీ వస్తువుల మీద మాకు కన్ను లేదు, నెమ్మదిగా సర్దుకోండి అని దానర్థం. అది విని పాతవాళ్ళ మనసు కుదుటపడుతుంది. "అయ్యో, ఇదుండనీయమ్మా, నీకు పనికొస్తాది" అని కాగితం మనిషి కంట పడనిది ఏదో ఒకటి వదిలి వెళ్తారు. మాటకు మాట, అంతే.

మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. మామగారూ ఫిట్టరే. మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడేసరికి నాకు యాభై ఆరేళ్ళు. అప్పటికి నాదనే గోడ ఒక్కటి లేదు. ఖాళీ చెయ్యమని ఎవరూ కాగితం పట్టుకుని రాని ఇల్లు కావాలని పట్టుబట్టాను. పూరీ గేట్ దగ్గర అద్దెకుందాం, చర్చికి దగ్గర అని ఆయన నసిగారు. అద్దె ఇల్లంటే మళ్ళీ సబ్బూ సున్నమే. కుదరదన్నాను.

వెతగ్గా వెతగ్గా ఊరి బయట దొరికింది. టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, అరగంట దారి. వరిచేల మధ్య నలభై ఇళ్ళ టౌన్‌షిప్. మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా మొరగదు.

"ఇక్కడ మనిసి సచ్చిపోయినా ఎవులికీ తెల్దే" అన్నారు మా ఆయన, టోటో దిగుతూనే.

"నిమ్‌పురాలో మనింట్లో ఏటొండినానో కూడా అందరికీ తెలిసిపోతంది. దానికన్నా ఇదే నయం" అన్నాను.

ఇంటావిడ బెంగాలీ ముసలమ్మ. స్కూలు మాస్టారి భార్య. ఆయన పోయాక ఒక్కర్తే ఉండలేక ఝపటాపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు అమ్ముతోంది. నేను మాసీమా, అంటే పిన్నీ, అని పిలిచాను, ఆవిడ నన్ను బౌమా, అంటే కోడలా, అంది. రెండు గదులు, ముందు వరండా. నిజం చెప్పాలంటే ఆ గదులు నేను సరిగ్గా చూడనే లేదు. నా కళ్ళు పెరట్లోనే ఉన్నాయి. చేతిపంపు, దాని పక్కన పెద్ద జామచెట్టు, గేటు దగ్గర బెంగాలీవాళ్ళు శివులి అనే పారిజాతం, మధ్యలో తులసికోట. జామచెట్టు నీడలో మోడా అనే వెదురు పీట వేసి కూర్చోబెట్టి ఆవిడ టీ ఇచ్చింది. ఆ చెట్టు కింద నా మిగతా బతుకంతా నాకు కనిపించింది. బేరం కూడా సరిగ్గా ఆడలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

రిజిస్ట్రేషన్ అయిన రోజు, ఇల్లు సర్దుకోవడానికి రెండు వారాల గడువు కావాలని ఆవిడ అడిగింది. సరేనన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నాకు వచ్చిన రైల్వే బెంగాలీలో మా మర్యాద మాట కూడా అనేశాను. "మీరు పెట్టుకున్నవన్నీ మీరు తీసుకెళ్ళిపోండి మాసీమా, మాకు ఖాళీ ఇల్లు చాలు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అన్నీనా?" అంది.

"అన్నీ. ఒక్కటి కూడా ఉంచకండి" అన్నాను. మర్యాద ఇంకొంచెం ఒలకబోద్దామని. "ఇదుండనీ" అనే మాట ఆవిడ నోట రానందుకు, బెంగాలీవాళ్ళకి అంత కలుపుగోలుతనం లేదులే అని కూడా అనుకున్నాను.

ఆ రెండు వారాల్లో మేమూ క్వార్టరు ఖాళీ చేశాం. సబ్బు కూరాను, సున్నం రాశాను. పెరట్లో మునగచెట్టు మిగిలింది. మా అత్తగారు విజయనగరం దగ్గర పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి పాతిన చెట్టు. అప్పగించే ముందురోజు మా ఆయన మనిషిని పెట్టి దాన్ని మొదలంటా కొట్టించేశారు. కాయలు పక్కవాళ్ళకి పంచాను. పోతున్నాం కదా, తీసెయ్యాలి కదా, అంతే. ఎందుకని ఇద్దరం అనుకోలేదు.

మర్నాడు ఝపటాపూర్‌లో ఆవిడ కూతురి దగ్గర తాళాలు తీసుకుని, సామాను లారీతో కొత్త ఇంటికి చేరాం. గేటు తీసి నేను అక్కడే నిలబడిపోయాను. జామచెట్టు లేదు. జానెడు మోడు ఉంది. చేతిపంపు లేదు, గొట్టం నోట్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. పారిజాతం ఉన్నచోట గొయ్యి. తులసికోట ఉన్నచోట ఇటుకల గుర్తు. లోపల వంటింటి అరలు లేవు, బట్టలారేసే కొక్కేలు లేవు. గోడలకు ఒక్క మేకు లేదు. చిల్లులు మాత్రం అలాగే ఉన్నాయి, పాపం ఆవిడకు సబ్బు విద్య తెలియదు.

"ఏటే ఇది? మనం క్వార్టరప్పగించినట్టే అప్పగించినాది" అన్నారు మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత తిని వెళ్ళమన్నా వినకుండా టోటో ఎక్కాను. దారి పొడుగునా బెంగాలీలో తిట్లు కూడబలుక్కున్నాను. ఇల్లు అమ్ముకుని చెట్టు నరికే మనిషి ఉంటుందా అని, ఏమీ ఎరగని టోటో నడిపే అతన్ని కూడా అడిగాను. మునగచెట్టు సంగతి నాకు గుర్తే రాలేదు.

ఝపటాపూర్‌లో వాళ్ళది మూడో అంతస్తు. మాసీమా చిన్న బాల్కనీలో కూర్చుని ఉంది. పక్కన ప్లాస్టిక్ డ్రమ్ములో పారిజాతం, ఆకులన్నీ వేలాడేసి ఉంది. ఒక పగిలిన కుండీలో తులసి. మంచం కింద నుంచి చేతిపంపు పిడి బయటికి కనిపిస్తోంది. మూడో అంతస్తులో చేతిపంపు. కూడబలుక్కున్న తిట్లు మర్చిపోయి ఆ పిడి వంకే చూశాను.

"ఇంకా ఏమైనా మిగిలిపోయిందా బౌమా?" అని అడిగింది ఆవిడ. వెటకారం కాదు. నిజంగానే భయపడుతూ అడిగింది.

"చెట్టు ఎందుకు కొట్టించారు మాసీమా?"

"నువ్వే కదమ్మా ఒక్కటీ ఉంచొద్దన్నావు. మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు, తులసి వద్దంటున్నారు అనుకున్నాను. తర్వాత రాత్రీ పగలూ ఆలోచించాను. ఒక్కటీ అంటే చెట్లు కూడానేమో, మా చేత్తో వేసింది ఏదీ అంటుకోరేమో అనుకున్నాను. శివులిని తవ్వించగలిగాను. జామచెట్టు మా ఆయన వేసింది. దాన్ని ఎక్కడికి తెచ్చుకోను? కొట్టేటప్పుడు లోపలికెళ్ళి తలుపేసుకున్నాను."

నాకు సిగ్గేసింది. ఇంకో మాట వెతుక్కోను, సిగ్గే. నేల మీద కూలబడి మా క్వార్టర్ల మర్యాదంతా విడమరిచి చెప్పాను, కాగితం మనిషి దగ్గర నుంచి సబ్బు దాకా. ఆవిడ ఓపిగ్గా వింది.

"అయితే మీరు ఇల్లు వదిలితే వెనక ఏమీ ఉండదా?"

"ఉండదు మాసీమా. మా అత్తగారు వేసిన మునగచెట్టు నిన్ననే కొట్టించేశాం."

"ఎవరైనా కొట్టమన్నారా?"

లేదన్నాను. నిజంగానే ఎవరూ అనలేదు. కాగితంలో చెట్ల మాటే లేదు. అప్పుడు, ఆ బాల్కనీలో, మా అత్తగారి చెట్టు కోసం నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తనూ ఏడ్చింది. కూతురు టీ పెట్టి తెచ్చి, మా ఇద్దరినీ చూసి, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం మాసీమాని, డ్రమ్మునీ, తులసినీ, పంపునీ టోటోలో వేసుకుని తీసుకొచ్చాను. పంపు మా ఆయనే బిగించారు, ఫిట్టరు కదా. తులసికోట పాత ఇటుకల గుర్తు మీదే మళ్ళీ కట్టించాను. మా పాస్టరుగారు వచ్చినప్పుడు దాన్ని ఒకసారి చూసి, నా మొహం కూడా చూసి, ప్రార్థన మొదలుపెట్టారు. పారిజాతం మాత్రం బతకలేదు.

వానలు పడ్డాక జామ మోడు పక్క నుంచి చిగుళ్ళు లేచాయి. ఫోను చేస్తే మాసీమా ఆ మర్నాడే వచ్చింది. మోడు దగ్గర గొంతుక్కూర్చుని చిగుళ్ళు లెక్కపెట్టింది. అన్నీ ఉంచితే ఏదీ ఎదగదని బలమైనది ఒకటి ఉంచి మిగతావి గిల్లేద్దామని చెయ్యి చాపి, ఆపేసింది. నా వైపు చూసింది.

"ఇదిప్పుడు ఎవరిది బౌమా? నాదా, నీదా?"

మా ఇంట్లో ఏదైనా రైల్వేది, లేకపోతే మాది. మూడో జవాబు ఎప్పుడూ అవసరం పడలేదు.

"ఇంటిది మాసీమా" అన్నాను. "మేం పోయినా ఇక్కడే ఉంటుంది."

ఆవిడ తలూపి, చిగుళ్ళు గిల్లేసి, ఒక్కటి ఉంచింది. లేచి చేతులు దులుపుకుంది.

"ఇంటికి చేతులుండవు కదా. నీళ్ళు నువ్వే పొయ్యాలి" అంది.

నేను బకెట్టు తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళాను.