మీరెక్కడ తింటారు?

మొన్న సాయంత్రం మా అన్నయ్య కూతురు లహరి స్పెయిన్‌లోని సెవిల్ నగరం నుంచి ఫోన్ చేసింది. ఆమె గొంతు కంటే ముందు పళ్ళేల చప్పుడు వినిపించింది. చెంచాలు, గాజు గ్లాసులు, రాతి నేల మీద కుర్చీలు ఈడ్చిన కీచుశబ్దం, ఎవరో మగమనిషి ఎవరినో బిగ్గరగా పిలవడం. "బాబాయ్, వింటున్నావా? ఇక్కడ పెద్ద చర్చి పక్కన నిలబడ్డాను. ప్రతి హోటలు ముందూ ఒకడు నిలబడి లోపలికి రమ్మంటున్నాడు. రేట్లు చూస్తే ఆకలి చచ్చిపోతోంది. నువ్వీ దేశం చాలాసార్లు వచ్చావు కదా, మంచివీ చవకవీ నాలుగు పేర్లు చెప్పు" అంది. నా దగ్గర పేర్లు లేవు. "ముందు అక్కణ్ణించి కదులు. చెప్పులు బాగుచేసే కొట్టో, ఇనప సామాను కొట్టో కనిపించేదాకా నడువు. లోపలికెళ్ళి, మీరెక్కడ తింటారు అని అడుగు" అన్నాను. "మంచి హోటలు ఎక్కడుందని అడగొద్దా?" "వద్దమ్మా. అలా అడిగితే నీలాంటివాళ్ళకి నచ్చుతుందనుకున్నది చెప్తారు. వాళ్ళు తినే చోటు అడుగు." గంటన్నర తర్వాత పాలకూరా శనగలూ కలిపి వండిన గిన్నె ఫోటో, దాని పక్కన తాళాలు బాగుచేసే ముసలాయన నవ్వుతున్న ఫోటో పంపింది. ఈ తెలివి ఎక్కడిది బాబాయ్ అని కింద రాసింది. తెలివి నాది కాదు. అది గంగారాంది.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో పనిచేశాను. సనాబిస్‌లో ఒక టైల్స్ షాపు. నాకు పాతికేళ్ళు. కాకినాడలో బీకాం చదివి, కాస్త ఇంగ్లీషు వచ్చన్న ధైర్యంతో విమానం ఎక్కినవాణ్ణి. షాపులో సేల్స్ నాది. అమ్మిన టైల్స్‌ని ఇళ్ళల్లో పరిచే మేస్త్రీల ముఠాకి పెద్ద గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఏళ్ళ తరబడి నేల మీద మోకాళ్ళూని పనిచేయడం వల్ల నడిచేటప్పుడు అటూ ఇటూ కొద్దిగా ఊగేవాడు. పదిహేనేళ్ళుగా బహ్రెయిన్‌లోనే ఉన్నా ఇంటికి ఫోన్ చేస్తే "నేను దుబాయిల మంచిగనే ఉన్న" అనే చెప్పేవాడు; వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. నేను బయట ఏమీ తినేవాణ్ణి కాదు. తెలియని చోటుకి వెళ్ళాలంటే భయం. ఏం అడగాలో, ఎక్కడ కూర్చోవాలో, ఏ మాంసం పెడతారో అని భయం. గదిలో అన్నం వండుకుని, డబ్బాలో సర్దుకుని, గోదాములో టైల్స్ పెట్టెల వెనక కూర్చుని తినేవాణ్ణి.

ఒకరోజు ఈసా టౌన్‌లో ఒక ఇంటి కొలతలు తీసుకోవడానికి ఇద్దరం పికప్‌లో వెళ్ళాం. పని సాగింది, నా డబ్బా షాపులో ఉండిపోయింది. రోడ్డు మీద అద్దాల తలుపులతో, రంగురంగుల బొమ్మలతో ఒక హోటలు కనిపిస్తే ఆపమన్నాను. గంగారాం ఆపలేదు. "ఆడ తినెటోళ్ళు ఎవలన్న కనవడ్డరా సారు? వండినోడు సుత ఆడ తినడు" అన్నాడు. రెండు సందులు తిప్పి, బోర్డు కూడా సరిగా లేని ఒక గది ఎదురుగా బండి ఆపాడు. దిగలేదు. ఇంజను ఆపి చూస్తూ కూర్చున్నాడు. "ఏం చూస్తున్నారు?" అన్నాను. "టాక్సీలు నాలుగున్నయ్. పోస్టాఫీసాయన లోపటికి పోయిండు. అగో, ఆ వంటాయన కొడుకు సుత కూసోని తింటుండు. ఇగ పా." లోపల పొడుగాటి బల్లలు. వేయించిన చేప, కుంకుమపువ్వు వేసిన అన్నం, ఒక ముక్క నిమ్మకాయ. అటు ఒక బహ్రెయినీ పెద్దాయన, ఇటు ఒక పాకిస్తానీ డ్రైవరు, మధ్యలో నేను బిగుసుకుని కూర్చున్నాను. గంగారాం అప్పటికే ఆ పెద్దాయనతో వచ్చీరాని అరబ్బీలో చేప పేరు గురించి వాదిస్తున్నాడు. ఆ చేప రుచి ఇప్పటికీ చెప్పగలను. అయినా మర్నాడు మళ్ళీ డబ్బాతోనే పెట్టెల వెనక్కి వెళ్ళాను.

మరుసటి ఏడాది మా యజమాని, మేమంతా అర్బాబ్ అని పిలిచే పెద్దమనిషి, మా ఇద్దరినీ లోపలికి పిలిచాడు. రిఫాలో కడుతున్న ఒక పెద్ద భవనానికి స్పెయిన్ నుంచి కొత్తరకం టైల్స్ తెప్పిస్తున్నాడు. మనిషి సగమంత పొడుగు, బిస్కెట్టంత మందం. మామూలు సిమెంటు మీద పరిస్తే పగిలిపోతాయి. జిగురుతో అంటించే పద్ధతి నేర్చుకోవడానికి వాలెన్సియా నగరం పక్కనున్న ఫ్యాక్టరీకి పది రోజులు వెళ్ళిరమ్మన్నాడు. నేను ఇంగ్లీషులో విని తెలుగులో చెప్పాలి, గంగారాం చేతులతో నేర్చుకోవాలి. "నేర్చుకుని వస్తే ఆ పని మనది. లేకపోతే వేరేవాళ్ళది" అన్నాడు అర్బాబ్. నేను ఊళ్ళో ఎవరిదో ట్రావెల్ గైడు అరువు తెచ్చుకుని విమానంలో అంతా చదివాను. గంగారాం నిద్రపోయాడు.

మొదటి సాయంత్రం నేనే నాయకుణ్ణి. గైడులో చెప్పిన కూడలికి తీసుకెళ్ళాను. ఏడు గంటలకే ఆకలి. బొమ్మల మెనూ ఉన్న హోటల్లో, ఆ ఊరికి పేరు తెచ్చిన పయేయా అన్నం తెప్పించాను. పసుప్పచ్చగా, చల్లగా, ముద్దగా వచ్చింది. చుట్టూ ఉన్న వాళ్ళందరూ మాలాగే మెడలో కెమెరాలతో, మ్యాపులతో ఉన్నారు. బిల్లు చూసి జేబులో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మూడు రోజుల తిండి ఖర్చు ఒక్క పూటకే పోయింది. బయటికొచ్చాక గంగారాం మెల్లగా, "రేపు తినే జాగ నేను దేవులాడుత సారు" అన్నాడు. ఆయన అన్నది తప్పేమీ లేదు. కానీ నా పరువు పోయినట్టనిపించింది. "ఇది సనాబిస్ కాదు గంగారాం, ప్రతి సందులోకీ దూరడానికి. నీకు భాష రాదు, పాడు రాదు. నోరు మూసుకుని నా వెంట రా" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేవాణ్ణి. ఆయన గదికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు రొట్టె, అరటిపళ్ళు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే హోటళ్ళు మూసి ఉండేవి. సాయంత్రం ఏడింటికీ అంతే. తెరిచి ఉండేవి ఆ కూడలిలోవే. మూడో ఉదయం ఫ్యాక్టరీలో నేర్పే ఆయన జిగురు కలపడం గురించి చెబుతున్నాడు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎన్ని నిమిషాల్లో వాడెయ్యాలో తప్పుగా విని గంగారాంకి తప్పుగా చెప్పాను. బకెట్లో జిగురంతా రాయిలా బిగిసిపోయింది. నేర్పే ఆయన ముఖం చిట్లించాడు. నేను నోరు తెరిచేలోగా గంగారాం తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మై గల్తీ, మై గల్తీ" అన్నాడు. ఆయనకి ఏ భాష తోస్తే ఆ భాష. తప్పు మాత్రం నాది. ఆ మాట నేను నోరు తెరిచి చెప్పలేదు.

సరిగ్గా పదింటికి ఆ హాల్లోని మేస్త్రీలందరూ పనిముట్లు కింద పెట్టి బయటికి నడిచారు. గంగారాం కూడా చేతులు తుడుచుకుని వాళ్ళ వెనకే నడిచాడు. "ఎక్కడికి?" అన్నాను. "ఏమో. వాళ్ళు ఎటువోతే అటు" అన్నాడు. లారీలు ఆగే రోడ్డు పక్కన ఒక పాత బారు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. లోపల ఆయన ఇద్దరు మేస్త్రీల మధ్య ఇరుక్కుని కూర్చుని, బల్ల మీద పోసిన పల్లికాయలు వలుస్తున్నాడు. నన్ను చూసి, "రా తమ్మీ, కూసో! మన పల్లికాయలే" అన్నాడు. ఆయన నన్ను తమ్మీ అనడం అదే మొదటిసారి. ఆ పక్కనే ఒక గిన్నెలో ఆలివ్ కాయలు. మేస్త్రీ ఒకడు వాటిని చూపించి "అసెయితూనా" అన్నాడు. గంగారాం ముఖం వెలిగిపోయింది. "జైతూన్! అరబ్బులు జైతూన్ అంటరు గదా, గదే!" ఇక మొదలుపెట్టాడు. కుంకుమపువ్వు డబ్బా చూపించి "జాఫ్రాన్" అన్నాడు. బారాయన "అసఫ్రాన్" అన్నాడు. గోడ మీద రాసిన పళ్ళరసం పేరు నేను చదివితే నారింజలా వినిపించింది. బహ్రెయిన్ అరబ్బీ మాకు వాలెన్సియాలో పనికొస్తుందని ఏ గైడులోనూ లేదు.

గొడ్డుమాంసం వద్దని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. గంగారాం రెండు వేళ్ళు నెత్తిన కొమ్ముల్లా పెట్టి, తల అడ్డంగా ఊపి, చేతులు జోడించాడు. ఎదురుగా ఉన్న మేస్త్రీ అది ఎద్దుతో పోరాడే ఆట అనుకుని చేతిగుడ్డ తీసి ఆయన ముందు ఆడించాడు. బారంతా నవ్వు. ఆ గొడవకి వంటావిడ బయటికి వచ్చింది. అరవయ్యేళ్ళుంటాయి, చేతులు మోచేతుల దాకా తడి. విషయం ఆవిడకే అర్థమైంది. గంగారాం చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక్కో గిన్నె మూత తీసి చూపించింది. అప్పటికి మాకు గుడ్డు అట్టు పెట్టిన పొడుగాటి రొట్టె ఇచ్చింది. వెడల్పాటి పెనం చూపించి, కోడిలా రెక్కలు ఆడించి, గోడ గడియారంలో రెండు అంకె మీద వేలు పెట్టింది. రెండింటికి వెళ్ళాం. కోడిమాంసం, వెడల్పు చిక్కుళ్ళు, అడుగంటి కరకరలాడే అన్నం. మొదటి రాత్రి తిన్న పదార్థం పేరూ దీని పేరూ ఒకటేనంటే నమ్మలేకపోయాను. ధర మాత్రం దానికి నాలుగో వంతు లేదు. గంగారాం పెనం అడుగు గీకుతూ, "ఊరికి ఎప్పుడు ఆకలైతదో ముందుగాల అది తెల్సుకోవాలె. మనం మన ఆకలితోని తిరిగినం, గందుకే అన్నీ బందున్నయ్" అన్నాడు.

శనివారం సెలవు. ఉదయాన్నే ఆయన, "ఇయ్యాల నువ్వు దేవులాడు. నేను నీ ఎన్కనే ఉంట, నోరు ఇప్ప" అన్నాడు. కాదంటే వినలేదు. ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకడి దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క వాక్యం నాకు వచ్చు: దోందే కోమే ఉస్తెద్. మీరెక్కడ తింటారు అని. పెద్ద మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఒకావిడ ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారి అడిగేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, ఏదో చాలాసేపు చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. రెండింటికి వెళ్ళేసరికి కొట్టు మూసి, ఎప్రాను విప్పి మా కోసం నిలబడి ఉంది! మార్కెట్ వెనక సందులోకి నడిపించుకుపోయింది. ఆరే బల్లలు. తలుపు మీద ఆరోజు వంటకాలు చేత్తో రాసిన కాగితం. మమ్మల్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని, ఎవరెవరికో పరిచయం చేసింది. పప్పు, వేయించిన చేప, రొట్టె. గంగారాం రొట్టెని పప్పులో ముంచుకుని కళ్ళు మూసుకున్నాడు.

అక్కడే నేను ఆ రాత్రి మాట ఎత్తాను. "ఆ రోజు మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. బకెట్టు తప్పు కూడా నాదే" అన్నాను. "ఆకలి మీదున్నోని మాట ఎవలన్న పట్టుకుంటరా?" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. "నేను దుబాయి అచ్చిన కొత్తల నీ లెక్కనే ఉంటి తమ్మీ. క్యాంపుల మంచం మీద ఒక్కణ్నే కూసోని తింటుంటి. ఏడాది దాక. బువ్వ గొంతుల దిగకపోతుండె. ఓ దినం సైటు కాడ ఒక ముసలాయన పిలిచి తన పళ్ళెంలనే పెట్టిండు. ఆయనెవలో తెల్వది, మళ్ళ కనవడలే. గప్పటిసంది ఎవలు ఏడ తింటరో అడుగుతనే ఉన్న. అగ్గువకు దొరుకుతదని గాదు, రుచని గాదు. పక్కన మనిషుంటడని."

బహ్రెయిన్‌కి తిరిగొచ్చాక ఆయన నేర్చుకున్నది తన ముఠాకంతా నేర్పాడు. రిఫా భవనం పని మాకే వచ్చింది. ఆ నేల మీద ఒక్క టైలు కూడా బోలు శబ్దం చేయలేదు. అర్బాబ్ స్వయంగా కర్రతో తట్టి చూసుకున్నాడు. నేను డబ్బాతో పెట్టెల వెనక్కి వెళ్ళడం మానేశాను. మూడు నాలుగేళ్ళ తర్వాత మోకాళ్ళు మొరాయించడంతో గంగారాం, "ఖలాస్ తమ్మీ, ఇగ చాలు" అని ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు విమానాశ్రయంలో నేను ట్రాలీ తెచ్చేసరికి, నేల తుడిచే వాళ్ళని ఇక్కడ మీరెక్కడ తింటారని అడుగుతున్నాడు. కొన్నేళ్ళు పండగలకి ఫోన్లు చేసుకున్నాం. తర్వాత ఆ నంబరు పలకలేదు.

టైల్స్ వ్యాపారం నన్ను చాలా దేశాలు తిప్పింది. కొత్త ఊళ్ళో తెలియని గుమ్మం ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. ఆ పాత భయం పూర్తిగా పోలేదు, పోతుందనుకోను కూడా. అయినా లోపలికి వెళ్తాను. ఖాళీ బల్ల ఉన్నా, మనిషి ఉన్న బల్ల దగ్గరికే వెళ్ళి, ఇక్కడ కూర్చోవచ్చా అని సైగ చేస్తాను. ఇన్నేళ్ళలో కాదన్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. వాళ్ళలో ఒకాయన భార్య కోసం చోటు ఉంచుకున్నాడట. ఆవిడ వచ్చాక నన్నూ పిలిచాడు.