గుంటపడిన కొవ్వొత్తి కోసం వచ్చిన సలీమా ఆపా

మొన్న జనగామలోని నా దుకాణానికి ఒకావిడ గాజు గ్లాసులో పోసిన వాసన కొవ్వొత్తిని తిరిగి తెచ్చింది. మూత తీయగానే మల్లెల వాసనతో కలిసి మాడిన వత్తి వాసన గుప్పుమంది. నడుమ బావిలా గుంట, చుట్టూ కరగని మైనం గోడ, అడుగున మునిగిపోయిన వత్తి. "మీ కొవ్వొత్తి మంచిగ లేదు" అంది. ఎంతసేపు వెలిగిస్తావమ్మా అని అడిగితే, చుట్టాలు రాగానే వెలిగించి వాళ్లు కూర్చోగానే ఆర్పేస్తానంది. నాకు ఒళ్లు మండింది. మనవాళ్ల సంగతే ఇంత. కొత్త సబ్బును బీరువాలో చీరల మధ్య దాస్తారు, కొత్త గిన్నెలను అటకెక్కిస్తారు, చివరికి కొవ్వొత్తిని కూడా కరగకుండా వాడుకోవాలంటారు. నాలుగు మాటలు అనేదాన్నే. కానీ ఆ మాడు వాసన ముక్కుకు తగిలేసరికి సలీమా ఆపా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

నాకు ఈ పని నేర్పింది ఆపానే. రైల్వే స్టేషన్ దగ్గర సందులో, తన ఇంటి ముందు గదిలోనే కొవ్వొత్తులు పోసేది. మొదట్లో కరెంటు పోతే వెలిగించుకునే తెల్లవి పోసేదట. కోతలు తగ్గి వాటిని అడిగేవాళ్లు లేకపోయేసరికి వాసన కొవ్వొత్తులకు మారింది. ఇంటర్ అయ్యాక నేను ఆమె దగ్గర చేరి, వాళ్లింట్లోనే ఉన్నాను. మాది పెద్దవంగర దగ్గర లంబాడీ తండా. ఇంట్లో మా భాష మాది, అమ్మను యాడి అంటాం. ఆపా ఇంట్లో దక్కనీ ఉర్దూ. మా ఇద్దరికీ నడుమ తెలుగే దిక్కు. నేను రొట్టె ఒకటి తక్కువ తిన్నా ఊరుకునేది కాదు, వత్తి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఊరుకునేది కాదు.

కొత్తగా పోసిన ప్రతిసారీ ఒకదాన్ని వెలిగించి, అది ఎలా కాలుతుందో దగ్గర కూర్చుని చూడాలి. ఫ్యాను వేయకూడదు. ఎండాకాలం జనగామలో ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే మాటలా? చేరిన కొత్తలో ఒకరోజు చెమటకు తాళలేక స్విచ్ వేశాను. మంట పక్కకు వాలింది, ఒకవైపే మైనం కరిగి జారింది, గాజు మసిబారింది. ఆపా వచ్చి చూసింది. "ఉక్కపోస్తే నువ్వు బయటికి పో బేటీ. దాన్నెందుకు పరేషాన్ చేస్తవ్?" అంది. ఆ రోజే అసలు సంగతి చెప్పింది. "మొదటిపారి ముట్టించినప్పుడు పైమైనం అంచు దాకా కరగాలె. అప్పటిదాకా ఆర్పొద్దు. మొదలు ఎంతమేర కరిగితే గంతమేరనే యాది పెట్టుకుంటది. మల్ల ఎన్నిమాట్ల ముట్టించినా గాడనే గుంట పడ్తది." వెలిగించే ముందు వత్తిని వడ్లగింజంత ఉంచి కత్తిరించమని కూడా అప్పుడే చెప్పింది. ఈ రోజుకీ నా కత్తెర ఆ కొలత దాటదు.

నా చేత్తో పోసిన మొదటి మంచి కొవ్వొత్తిని యాడికి పంపాను. పంపడమైతే పంపాను గానీ, వాడే తీరు చెప్పాలని తోచలేదు. కొన్నాళ్లకు యాడి ఫోన్ చేసింది. నీ బత్తి నడుమ గుంట పడి ఆరిపోయింది, ముట్టిస్తే అంటుకోవడం లేదు, నువ్వు నేర్చుకునే పని కూడా ఇంతేనేమో అంది. మేస్త్రీ బండి వస్తోందట, ఖమ్మం వైపు మిరప ఏరడానికి అందరం పోతున్నాం, నువ్వూ వచ్చెయ్ అంది. ఆ బండి ఎక్కిన మా తండా ఆడపిల్లలు వదిలేసిన చదువు దగ్గరికి గానీ పని దగ్గరికి గానీ మళ్లీ రావడం నేను చూడలేదు. మిరప తర్వాత ఇంకో పంట, ఇంకో ఊరు. బట్టలు సర్దుకుంటూ ఏడుస్తుంటే ఆపా గుమ్మంలో నిలబడి నేను చెప్పిందంతా విన్నది.

"ఏడ్సుడు తర్వాత. అది ఎట్ల కాలింది? గది చెప్పు" అంది.

"గుంట పడ్డదంట ఆపా."

"అయితే నేను గూడ వస్త."

"యాడి పిలిచేది కొవ్వొత్తి కోసం కాదు ఆపా, మిరప కోసం."

"నాకెర్కే. నడువు."

కత్తెర, చెంచా, రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితం సంచిలో వేసుకుని బయలుదేరింది. తొర్రూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. యాడి మర్యాదకు "కూసో అక్కా" అంది గానీ ముఖం బిగించుకునే ఉంది. ఆపా గ్లాసును చేతిలో తిప్పి చూసి, "ఎంతసేపు ముట్టించినవ్ చెల్లె?" అని అడిగింది.

"ముట్టిచ్చుడు, జర వాసన జూసుడు, ఏళ్లతోని ఒత్తి ఆర్పుడు. బిడ్డ చేసింది గద, జల్ది అయిపోవద్దని."

ఆ మాట విని నాకు దుఃఖం ఆగలేదు. ఆపా మాత్రం నవ్వింది. "ప్రేమతోని దాని గొంతు పిసికినవ్" అంది. బిగించుకున్న ముఖంతోనే యాడి కూడా నవ్వింది.

ఆపా వత్తి చుట్టూ మైనాన్ని చెంచాతో తోడి, వత్తి కొస సరిచేసి వెలిగించింది. గ్లాసు అంచు చుట్టూ కాగితాన్ని చుట్టి లోపలికి మడిచింది. నడుమ గాలి ఆడేంత సందు మాత్రం వదిలింది. అలా చేస్తే వేడి బయటికి పోకుండా పక్కనున్న మైనం గోడ కరుగుతుంది. తర్వాత ఫ్యాను బంద్ చేసి నావైపు తిరిగింది. "నువ్వు బయట కూసో. వస్త పోత గాలి తెస్తవ్" అంది. తలుపు దగ్గరికి వేసింది.

మేకల పక్కన కూర్చుని ఆ మధ్యాహ్నమంతా చెవులు రిక్కించాను. గుసగుసలే తప్ప మాటలు తెలియలేదు. ఒకసారి "వద్దు, చెయ్యి తియ్యి, అంచు దాకా రానియ్" అని ఆపా గొంతు గట్టిగా వినిపించింది. యాడి వేళ్లు అలవాటుగా వత్తి మీదికి పోయి ఉంటాయి. ఒకసారి యాడి పకపకా నవ్వింది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. పొద్దు వాలాక తలుపు తెరుచుకుంది. కాగితం తీసేసి ఉంది. పైమైనమంతా గాజు అంచు దాకా సమంగా కరిగి, ఇల్లంతా మల్లెల వాసన.

"ఆమెతోని పో" అంది యాడి.

"మరి మిరప?"

"నేను ఏర్త. నువ్వొస్తే నాకేమన్న పని అల్కగైతదా? నీకు చాతనే కాదు."

తిరుగు బస్సులో ఏం చెప్పావని ఆపాను అడిగాను. "ఏం చెప్పలే. కొవ్వొత్తిని చూస్కుంట కూసున్నం" అంది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పోయిన ఏడాది ఆపా పోయింది. ఆమె లేని ఆ ముందు గదిలోకి నేను ఇప్పటికీ సరిగా తల ఎత్తి చూడలేను.

చివరిచూపుకు యాడి వచ్చింది. ఆమెను దింపడానికి నేనూ తొర్రూరు బస్సెక్కాను. కండక్టర్ ఆడమనిషి. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మాకిద్దరికీ జీరో టికెట్లు కొట్టి ముందుకు పోయింది. యాడి చాలాసేపు ఆమెనే చూసి, ఉన్నట్టుండి అంది. "ఆ రోజు మీ ఆపా నీ గురించి ఒక్క మాట గూడ మాట్లాడలే బిడ్డా."

"మరి?"

"చిన్నప్పుడు నువ్వేం కావాలనుకున్నవ్ చెల్లె అని అడిగింది. నన్ను ఎవలు అడిగిండ్రు గట్ల? మా నాయిన అడగలే, మీ నాయిన అడగలే."

"ఏం చెప్పినవ్?"

"కండక్టర్ అని. సీటీ కొడితే బస్సు ఆగాలె, మల్ల కొడితే నడవాలె. నవ్వకు."

నేను నవ్వలేదు. అంతకాలం యాడి చేతి కూడు తిన్నాను, ఆ మాట అడగాలని నాకూ తట్టలేదు. ఆపాకు ఒక్క మధ్యాహ్నంలోనే తట్టింది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల వెంట తల్లులు వస్తారు. గుమ్మం దగ్గరే నిలబడి, "మా పిల్లకు ఈ పని వస్తదా అక్కా?" అని అడుగుతారు. పిల్ల సంగతి తర్వాత. ముందు తల్లిని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, చిన్నప్పుడు నువ్వేం కావాలనుకున్నావని అడుగుతాను. చాలామంది ఇంకెవరినో అడిగాననుకుని వెనక్కి తిరిగి చూస్తారు.