రాలని బొట్టు

యుద్ధం రోజుల్లో చిత్తూరు దగ్గర ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. మా ఆయన పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. ఉత్తరాలు ఆగిపోయి చాలా కాలమైంది. ఇంట్లో అత్తా నేనూ నా జీతం మీదే బతికేవాళ్ళం.

ఆసుపత్రిలో ఏ కబురైనా నోటీసుగానే వచ్చేది. ఆయా తెచ్చి చూపిస్తే చదివి కింద సంతకం పెట్టాలి. ఒకరోజు అలాగే ఒకటి వచ్చింది. పనివేళల్లో నర్సులెవరూ నుదుట ఏ గుర్తూ పెట్టుకోరాదని ఉంది. కింద మా డాక్టరు దొరసాని సంతకం. ఎందుకో మాత్రం ఒక్క ముక్క లేదు.

నాకు ఒళ్ళు మండింది. మొగుడు ఎక్కడున్నాడో తెలియని ఆడదాన్ని బొట్టు చెరుపుకోమంటారా! సంతకం పెట్టనన్నాను. పెట్టకపోతే ఉద్యోగం ఉండదని భయం కూడా వేసింది. వంటింటి వైపు అప్పుడే "మనల్ని వాళ్ళ మతంలో కలుపుకునేదానికే ఇదంతా" అని గుసగుసలు మొదలయ్యాయి.

మా పెద్ద నర్సు క్రైస్తవురాలు. ఏనాడూ బొట్టు పెట్టుకోలేదు. ఆ కాగితం అందుకుని, నన్ను వెంటబెట్టుకుని దొరసాని గదికి నడిచింది.

"అమ్మా, ఈ పిల్ల బొట్టు తీసేస్తే మొగుడు సచ్చినాడని ఒప్పుకున్నట్టే. ఊళ్ళో అట్లనే అనుకుంటారు" అంది.

దొరసాని మొహం ఎర్రబడింది. ఆవిడ బాధ వేరే. మేం వంగినప్పుడల్లా కుంకుమ రాలి, ఉడకబెట్టిన గుడ్డల పళ్ళెంలో పడుతోందట. ఆ సంగతి మాకు తెలుసనుకుని రాయలేదట. తెలిస్తే ఇంత రభస ఎందుకు తల్లీ!

"రాలని బొట్టు ఉండాది కదమ్మా. సగ్గుబియ్యం మాడ్చి చాదు చేస్తారు. ఆరిందంటే కదల్దు" అన్నాను నేను.

మధ్యాహ్నానికి ఇంకో నోటీసు తయారైంది. ఈసారి కారణం ముందు రాసి, పొడి కుంకుమ వద్దు, చాదు పెట్టుకోవచ్చు అన్నారు. ఆయాకి ఇచ్చేముందు దొరసాని నాకు చదివి వినిపించి, "ఇందులో నొప్పించే మాట ఉందా?" అని అడిగింది. లేదన్నాను. మొదటి సంతకం నాదే.

మర్నాడు అత్త చేసిచ్చిన చాదు కొబ్బరిచిప్పలో పట్టుకెళ్ళాను. పొడి కుంకుమ పోయేలా ముఖం కడుక్కున్నానో లేదో కాన్పు కేసు వచ్చింది. గబగబా చేతులు మందునీళ్ళతో కడిగేశాక గుర్తొచ్చింది, నా నుదురు బోసిగా ఉందని. కడిగిన చేతులతో ఇక చాదు ముట్టుకోకూడదు. పని దిగి ఇంటికి పోతున్న పెద్ద నర్సు ఆగి నన్ను చూసింది. "కదలొద్దు మే" అంటూ వేలితో చాదు తీసి నా నుదుట పెట్టింది.

ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఎవరికీ బొట్టు పెట్టి ఉండదు. కాస్త పక్కకి పోయింది. సాయంత్రం అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. దాన్ని సరిచేసుకోబుద్ధి కాలేదు.