జింకకి ఇది చాలన్నాను

2023వ సంవత్సరం. మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో మార్కెట్‌కి రెండు సందుల అవతల నా స్పోర్ట్స్ దుకాణం. బ్యాడ్మింటన్ రాకెట్లకి స్ట్రింగులు బిగించడం, స్కూలు జట్లకి జెర్సీలు, బూట్లు అమ్మడం నా పని. ఒక గోడ మాత్రం పూర్తిగా విల్లులకి వదిలేశాను. చుట్టుపక్కల స్కూళ్లలో ఆర్చరీ నేర్చుకునే పిల్లలకి విల్లూ బాణాలూ నా దగ్గర నుంచే వెళ్తాయి. వచ్చిన ప్రతివాళ్లనీ ఆ గోడకి ఆనించి, చేతులు బార్లా చాపమని కొలుస్తాను. ఆ కొలతని రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్ వస్తుంది, అంటే ఆ మనిషి తాడుని ఎంత దూరం లాగగలడో ఆ లెక్క. అది తెలియకుండా విల్లు అమ్మడం, కాలు చూడకుండా చెప్పులు అమ్మడం ఒకటే.

ముందే చెబుతున్నాను, నేను అనుమానం మనిషిని. బేరం ఆడకుండా డబ్బులిచ్చేవాణ్ణి చూసినా నాకు అనుమానమే. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. ముప్పై ఏళ్లుగా ఈ దుకాణం నిలబడింది ఆ జబ్బు వల్లేనని నేనంటాను. ఈ సంగతి జరిగేదాకా ఆ మాట గట్టిగానే అనేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్న పదకొండింటికి అరవై దాటిన ఒకాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. మలాయ్ భాషలో ఏదో అడగబోయి, నా వెనక గోడ మీదున్న తెలుగు క్యాలెండర్ చూసి ఆగిపోయారు.

"మీరు తెలుగోలేనా సెల్లెమ్మా?"

"అవునన్నా. మా తాతది సుంగై సుమున్ ఎస్టేటే."

"మాదీ సుంగై సుమునే లాహ్! నా పేరు సింహాచలం. ఫోన్ ఆఫీసులో కిరానీగా రాతపని సేసి రిటైరైనాను." ఆయన మొహం విప్పారింది. తర్వాత వెనక్కి తిరిగి వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "నాకొక క్రాస్‌బౌ కావాల. జింకని కొట్టాల. తక్కువలో దొరకాల, బలం మాత్రం సాలాల."

క్రాస్‌బౌ అంటే విల్లుని అడ్డంగా తిప్పి తుపాకీ కర్రకి బిగించినట్టుంటుంది. తాడు లాగి కొక్కేనికి తగిలిస్తే అది అలాగే నిలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే బోల్ట్ అనే పొట్టి బాణం దూసుకుపోతుంది. అది అమ్మడానికి నాకు పర్మిట్ లేదు, దాంతో వేటాడటానికి చట్టం ఒప్పుకోదు. ఆ రెండు ముక్కలూ చెప్పి పంపేయవచ్చు. చెప్పాను కూడా. కానీ ఊరుకోగలనా?

"ఎక్కడ కొడతారన్నా జింకని?"

"పహాంగ్‌లో. స్నేహితులతో ఎల్తాను."

"మరి లైసెన్స్?"

"లైసెన్సా? అదేటి... ఆలే సూసుకుంటారు. నానేటి తప్పుడు పని సేసీవోడిలా కనబడతన్నానా సెల్లెమ్మా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. తప్పుడు పని మాట నేనెక్కడెత్తాను? ఆ తర్వాత ఆయన అడిగినవి ఇంకా వింత. సద్దు సేస్తాదా అన్నారు. పదిహేను అడుగుల నుంచి కొడితే ఒక్క దెబ్బకి పడిపోవాలన్నారు. ఎన్నాళ్లు వాడతారని అడిగితే, "ఒక్కసారికే. తర్వాత దానితో నాకు పని లేదు" అన్నారు.

వేటకి వెళ్లేవాళ్లు నా దుకాణానికి కబుర్లాడటానికి వస్తుంటారు, వాళ్ల మాటల తీరు నాకు తెలుసు. అడవి గురించి, గాలి గురించి, పోయినసారి తప్పించుకున్న జంతువు గురించి గంటలు గంటలు చెబుతారు. ఈయన నోట అడవి మాట ఒక్కటి రాలేదు. అయినా, ఏ అడవి జింక పదిహేను అడుగుల దూరంలో మన కోసం నిలబడుతుంది? అంత దగ్గర నిలబడేది మనిషే.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగారు. "నానొచ్చినట్టు ఊర్లో ఎవరికీ సెప్పకమ్మా. మా వదినకి అసలే తెలీకూడదు."

ఆయన అటు వెళ్లగానే కౌలాలంపూర్‌లో ఉన్న మా పిన్నమ్మకి ఫోన్ చేశాను. మా పిన్నమ్మ సుంగై సుమున్ వదిలి ఇరవై ఏళ్లైనా, తెలుగువాళ్ల పెళ్లిళ్లలోనూ భజనల్లోనూ ఆ ఊరి కబుర్లన్నీ ఆమె చెవిన పడతాయి.

"సింహాచలమా? పెళ్లాం పోయినాక అన్న ఇంట్లోనే ఉంటన్నాడే. ఆ అన్న పోయి రెండేళ్లయినాది. ఇల్లు, పామాయిలు తోట, అన్నీ వదిన నారాయణమ్మ పేరున రాసేసి పోయినాడు. ఈ మధ్య వదినా మరిదీ పక్కోళ్లకి వినబడీలా అరుసుకుంటన్నారంట."

"ఎందుకట?"

"ఇంకెందుకే? ఆస్తి గొడవే అయ్యుంటాది. ఏటి, ఎందుకడుగుతన్నావు?"

ఏమీ లేదని ఫోన్ పెట్టేశాను. ఇంకేం కావాలి నాకు! ఆస్తి వదిన పేరున ఉంది, ఇంట్లో గొడవలున్నాయి, చప్పుడు చెయ్యని ఆయుధం కావాలి, ఒక్కసారికి చాలు, వదినకి తెలియకూడదు. జింకా లేదు గింకా లేదు, ఈయన చంపాలనుకుంటున్నది నారాయణమ్మనే. పోలీసుల దగ్గరికి వెళ్దామా అనుకున్నాను. వెళ్లి ఏమని చెప్పను? ఒకాయన వచ్చి వస్తువు అడిగాడు, నేను లేదన్నాను, వెళ్లిపోయాడు. వాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. నారాయణమ్మకి ఫోన్ చేద్దామంటే ఆవిడ మొహం కూడా నేనెరగను. ఆ రోజు ఒక రాకెట్‌కి స్ట్రింగు బిగిస్తూ రెండుసార్లు తెంపాను.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో ఫోన్, అందులో ఆన్‌లైన్‌లో అమ్మే రెండు క్రాస్‌బౌల బొమ్మలు.

"నువ్వు అమ్మొద్దులే సెల్లెమ్మా. ఏది పని సేస్తాదో సెప్పు, సాలు. ఈ పెద్దది నూట యాభై పౌన్లంట, రేటు సూస్తే కళ్లు తిరుగుతన్నాయి. ఈ సిన్నది ఎనభై. దీనితో జింక పడతాదా?"

ఇక్కడ మా పనిలోని సంగతి ఒకటి చెప్పాలి. పౌన్లంటే డ్రా వెయిట్, తాడు లాగడానికి పట్టే బలం. కొనేవాళ్లంతా ఆ అంకె ఒక్కటే చూస్తారు. కానీ బోల్ట్‌కి ఊపునిచ్చేది అదొక్కటే కాదు, తాడు బోల్ట్‌ని ఎంత దూరం తోసుకుంటూ వస్తుందన్నదీ ముఖ్యం. దాన్ని పవర్ స్ట్రోక్ అంటాం. పెద్దదానిలో అది జానెడు పైనే ఉంటుంది. ఆయన చూపించిన చిన్నది పిస్తోలంత ఉంది, దానిలో నాలుగు వేళ్ల మేర కూడా ఉండదు. ఎనభై పౌన్లని డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, అది డబ్బాలు పడగొట్టుకునే సరుకే. పెద్ద జంతువుకి తగిలితే చంపదు, గాయం చేస్తుంది. గాయపడ్డ జంతువు ఎంత ప్రమాదమో వేటగాళ్లు నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే నోరు తెరిచాను.

"ఎనభై పౌన్లు ఎక్కువే అన్నా. జింకకి ఇది చాలు."

ఎందుకలా అన్నానో చెబుతాను. పెద్దదాంతో కొడితే ఆ నారాయణమ్మ మిగలదు. ఈ ఆటబొమ్మలాంటిదానితో కొడితే గాయంతోనైనా బతికి బయటపడుతుంది. చూడని మనిషి ప్రాణం కాపాడుతున్నానని ఆ క్షణం నిజంగా నమ్మాను. ఆయన రెండు చేతులూ జోడించారు.

"సల్లగా ఉండు తల్లీ. సగం కర్సు తప్పించినావు."

ఆ దండం చూసి కూడా నాకు జాలి కలగలేదు. ఎంత నటన అనుకున్నాను. ఆ తర్వాత రోజూ పేపర్లో సుంగై సుమున్ పేరు కోసం వెతికేదాన్ని. కనబడకపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని.

మూడో వారంలో పిన్నమ్మ ఫోన్. "నారాయణమ్మని తెలుక్ ఇంటాన్ ఆస్పత్రిలో ఏసినారంట. శానా రగతం పోయిందంట. నీకు దగ్గరే కదా, ఓసారి సూసి రా."

దుకాణం మూసి పరిగెత్తాను. అనుకున్నంతా అయింది, వాణ్ణి నా చేత్తోనే పట్టిస్తానని దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాను. వార్డు బయట బెంచీ మీద సింహాచలం కూర్చుని ఉన్నారు. చొక్కా నిండా ఎండిన నెత్తురు. నన్ను చూడగానే చిన్నపిల్లాడిలా భోరుమన్నారు.

"ఏం చేశారన్నా? ఆవిణ్ణి ఏం చేశారు?" నా గొంతు వరండా అంతా వినబడింది.

"జింక సెల్లెమ్మా! జింక పొడిసేసింది!"

ఆయన ఏడుస్తూ, ఆగుతూ చెప్పింది ఇదీ. అన్న బతికున్నప్పుడు వన్యప్రాణి ఆఫీసులో పర్మిట్ తీసుకుని ఇంటి వెనక కంచె వేసి జింకల్ని పెంచేవాడు. అన్న పోయాక అన్నిటినీ అమ్మేశారు. ఒక్క మగజింక మిగిలింది. తల్లి వదిలేస్తే నారాయణమ్మ సీసాతో పాలు పట్టి పెంచిన పిల్ల అది. ఎవరికీ ఇవ్వనంది. పెరిగి కొమ్ములొచ్చి మదమెక్కాక అది మనుషుల మీదికి రావడం మొదలుపెట్టింది. రెండుసార్లు ఆవిణ్ణే కంచెకి అదిమేసింది.

"లోపలికెల్లకు వదినా అని రోజూ మొత్తుకున్నాను. గొంతు సించుకున్నాను. అది నా బిడ్డ, నన్నేటీ సెయ్యదు అంటాది. ఆఫీసోళ్లకి సెబుదామంటే పర్మిట్ అన్న పేరునే ఉండిపోయింది, తిరగరాయించలేదు. కేసు ఆమె మీద పెడతారు. అందుకే ఎవరికీ తెలీకుండా సంపేసి, దొంగ వేటగాళ్లు కొట్టినారని సెప్పేద్దామనుకున్నాను."

కంచె బయట నుంచి, పదిహేను అడుగుల దూరంలో, అది మేత తింటుండగా కొట్టారు. బోల్ట్ భుజంలో గుచ్చుకుని అక్కడే ఆగిపోయింది. జింక పడలేదు. గావుకేక పెట్టి కంచె లోపల వెర్రెత్తినట్టు పరిగెత్తింది. ఆ కేక విని వంటింట్లోంచి నారాయణమ్మ వచ్చి, మరిది వద్దు వద్దంటున్నా గేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కొమ్ము తొడలో దిగింది. ఆయన పారతో కొట్టి దాన్ని తరిమి ఆవిణ్ణి బయటికి లాగారు. తర్వాత ఆఫీసువాళ్లొచ్చి జింకని తుపాకీతో కాల్చారు. పోలీసులు క్రాస్‌బౌ పట్టుకుపోయి ఆయన మీద కేసు రాశారు.

"నీ తప్పేటీ లేదు సెల్లెమ్మా. నువ్వు సాలన్నావు, దాని బలం సాలినాది. నా సెయ్యే వణికినాది. గుండెకి తగలాల్సింది భుజానికి తగిలినాది."

పక్క షాపు నుంచి టీ తెచ్చి ఆయన చేతికిచ్చాను. నిజం మాత్రం చెప్పలేదు. సిగ్గులేనిదాన్ని.

తిలాపాపం తలా పిడికెడని సరిపెట్టుకోవాలని చూశాను. ఆయన దాచారు, ఆవిడ మొండికేసింది, పిన్నమ్మ ఆస్తి గొడవంది. కానీ ఆ బొమ్మ సరుకు దేనికి పనికొస్తుందో, దేనికి రాదో వాళ్లెవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నాలుగు నెలల తర్వాత ఆయన దుకాణానికి వచ్చారు. వదిన మెల్లగా లేచి తిరుగుతోందట, తొడకి కట్టే పట్టీ కావాలట. పట్టీ సాగదీసి చూస్తూ మళ్లీ అదే మాట అన్నారు. "ఈ పాడు సెయ్యి ఆ రోజు వణక్కపోతే..."

ఇక నావల్ల కాలేదు. "మీ చెయ్యి కాదన్నా. గుండెకి తగిలినా అది జింకని పడగొట్టేది కాదు. అది చాలదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే చాలన్నాను."

ఆయనకి అర్థం కాలేదు. "ఎందుకలాగన్నావు?"

"మీరు జింకని కొడతారని నేను నమ్మలేదు. మనిషిని చంపుతారనుకున్నాను."

"నానా? ఎవర్ని?"

చెప్పక తప్పలేదు. "మీ వదినని."

ఆయన కోప్పడితే బాగుండేది. తిట్టినా పడేదాన్ని. పట్టీని మెల్లగా మడతపెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నా పెళ్లాం పోయినకాడినుంచి ఆమె సేత్తో పెట్టిందే తింటన్నాను సెల్లెమ్మా."

పట్టీ కొనుక్కుని వెళ్లిపోయారు. మళ్లీ నా దుకాణానికి రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. అనుమానం వస్తే అమ్మకండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ మనకి తెలిసిన పనిని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పకండి. కొనేవాడు మన మాటనే నమ్ముకుని ఇంటికి వెళ్తాడు. నేనిప్పుడు అనుమానం వస్తే మొహం మీదే అంటున్నాను, మీరంటే నాకు అనుమానంగా ఉంది, అసలు సంగతి చెప్పండి అని. కొందరు తిట్టి వెళ్లిపోతున్నారు. కొందరు కూర్చుని చెబుతున్నారు. ఆ రోజు సింహాచలంగారిని అలా కూర్చోబెట్టి ఉంటే, ఆ జింకకి మత్తిచ్చి కొమ్ములు కోసే పశువుల డాక్టరు నా దుకాణానికి నాలుగు వీధుల అవతలే ఉన్నాడని చెప్పేదాన్ని. నారాయణమ్మగారు ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నారని పిన్నమ్మ చెప్పింది.