మందు పెట్టెలో కాగితం

మా పక్కింటి పెద్దమ్మ పోయిన బుధవారం పొద్దున చనిపోయింది. నేను బెంగళూరు పీణ్యలో, ఫ్యాక్టరీలో లేత్ మిషను దగ్గర ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మిషను ఆపి బయటికొచ్చేశాను. సూపర్‌వైజర్ ఏదో అన్నాడు. వినలేదు.

పెద్దమ్మ బడికి పోలేదు. మందుల పెట్టెల్లో పెట్టే కాగితాలు మడిచే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. మడుస్తూ మడుస్తూనే ఇంగ్లీషు కూడబలుక్కుంది. నాకూ ఆ కాగితాల మీదే నేర్పింది. మెడికల్ షాపువాడు మాత్రలు కత్తిరించి ఇచ్చి, పెట్టె చెత్తబుట్టలో వేస్తే ఊరుకునేది కాదు.

"మేం మడిచింది నీ బుట్టకా అప్పా? కాగితం ఇయ్యి."

"చదివి డాక్టరైతావా అమ్మా?"

"నువ్వు కాలేదు కదా, నేనన్నా అయితా."

పక్కన నిలబడ్డ నాకు సిగ్గేసేది.

మూడేళ్ల కింద అమ్మకు కీళ్లు వాచాయి. డాక్టరు కొత్త మాత్ర రాశాడు. షాపువాడు పది కత్తిరించి, "వార వార ఒందు", వారం వారం ఒకటి, అని కన్నడలో చెప్పి పంపాడు. తొమ్మిదో రోజుకు అమ్మ నోరంతా పుండ్లు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాను. పెద్దమ్మ వచ్చి చూసింది.

"మాత్ర ఎట్ల ఏసుకుంటాండావే?"

"వారం వారం అన్నాడక్కా. ఆదివారం, సోమవారం, మంగళవారం... ఒక్క వారమూ తప్పలేదు."

పెద్దమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా షాపుకు పోయి కాగితం తెచ్చింది. ఒక వరుస మీద వేలు పెట్టింది. ఏడు రోజులకు ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

"లెయ్యప్పా, ఆటో తీసుకురా."

ఇంకో రెండు రోజులైతే అమ్మ దక్కేది కాదని ఆసుపత్రిలో చెప్పారు.

షాపువాణ్ని కొట్టబోయాను. పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "నీకు కన్నడమూ ఇంగ్లీషూ రెండూ వచ్చు, ఇంట్లోనే ఉండావు. నువ్వెందుకు అడగలే?" నా కోపం ఇప్పటికీ పోలేదు. ప్రాణం తీసే సంగతిని చీమ తలకాయంత అక్షరాల్లో, అమ్మలాంటి వాళ్లకు రాని భాషలో వేసేది ఎవరి కోసం?

బుధవారం నేను వెళ్లేసరికి పెద్దమ్మను వసారాలో పడుకోబెట్టారు. అమ్మ ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుని, బిగుసుకుంటున్న వేళ్లను ఒక్కొక్కటే సాపు చేస్తోంది. "ఇంక వదులమ్మా" అని ఎవరో అన్నారు. అమ్మ చిటికెన వేలి దాకా వచ్చి, మళ్లీ బొటనవేలి నుంచి మొదలుపెట్టింది.