నిమ్మకాయలు తొక్కని లారీ

వీరభద్రయ్య నోరు మూతపడటం నా జన్మలో ఒక్కసారే చూశాను. మూయించింది నా తమ్ముడు ఉలిగప్ప. అందుకు వాడు కర్ర పట్టలేదు, కత్తి పట్టలేదు. రెండడుగుల చెక్క లారీని చంకలో పెట్టుకుని వచ్చాడు.

తొంభై నాలుగో సంవత్సరం మాట. నా మొగుడు గంగప్ప వీరభద్రయ్య లారీకి డ్రైవరు. హిందూపురంలో చింతపండు మూటలు ఎత్తుకుని ధర్మవరం పోతుంటే పెనుకొండ దగ్గర మలుపులో లారీ ఒరిగి పడిపోయింది. ఆయన క్యాబిన్‌లోనే ప్రాణం వదిలాడు. ఆ లారీకి వెనకాల సరుకు ఎత్తే చెక్క తొట్టి కట్టింది నా తమ్ముడు. అంతే, యజమానికి తప్పించుకునే దారి దొరికింది. నా ఇంట్లో ఏడుపు ఆగకముందే లారీల స్టాండులో నిలబడి వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ చెప్పడం మొదలుపెట్టాడు. ఉలిగప్ప కట్టిన తొట్టి వంకరంట, అందుకే బండి బ్యాలెన్సు తప్పిందంట.

నా తమ్ముడు కట్టి ఇచ్చిన తొట్టి మీద, ఆ తర్వాత ధర్మవరంలో వెల్డింగు షెడ్డుకు పోయి ఇంకో రెండడుగుల ఎత్తు పలకలు ఎక్కించుకున్నది ఎవరు? ఈ వీరభద్రయ్యే. రెండు ట్రిప్పుల సరుకు ఒక ట్రిప్పులో లాగాలని ఆశ. స్టాండులో టీ గ్లాసులు కడిగేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. తెలిసినవాళ్లలో ఒక్కడైనా నోరు విప్పాడా? మీసాలు మాత్రం అందరికీ ఉన్నాయి.

ఉలిగప్పకు కాగితం మీద గీయడం రాదు. ఏ లారీకి తొట్టి కట్టాలన్నా ముందు దాన్ని చిన్నగా కట్టి చూపేవాడు. అడుగుకు అంగుళం లెక్క. తన షెడ్డులో మిగిలిన టేకు ముక్కలతో, రంగూ రూపూ లేకుండా, ఉత్త చెక్కతో. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సరే అంటేనే పెద్ద బండి మీద చెయ్యి వేసేవాడు. అట్లా వీరభద్రయ్య లారీ బొమ్మ కూడా మా అటక మీద పడి ఉండింది. దాన్ని దించి, దుమ్ము తుడిచి, నన్ను పిలిచాడు.

"అక్కా, గోనెపట్టతో చిన్నచిన్న మూటలు కుట్టియ్యి. లోపల చింతపిక్కలు పోసి గట్టిగా కుట్టు."

"ఎందుకురా?"

"బావ ఎత్తుకోని పోయిన లోడు ఆ వీరభద్రయ్యకు చూపిచ్చాల."

కుట్టాను. వాడి వెంట స్టాండుకు కూడా పోయాను. మొగుడు పోయిన ఆడది అప్పుడే గడప దాటిందని మూతులు తిప్పారు. తిప్పుకోనీ, వాళ్ల మూతులు వాళ్లవి.

వీరభద్రయ్య కుర్చీలో కూర్చుని నవ్వాడు. "ఏమప్పా ఉలిగప్పా, బొమ్మలాట ఆడేకి వచ్చినావా?"

"ఆట నువ్వు ఆడినావులే అన్నా. నేను చూపిచ్చేకి వచ్చినా."

ఒక వెడల్పాటి పలక నేల మీద పరిచాడు. దాని ఒక అంచు కింద ఇటుక పెట్టాడు. పెనుకొండ మలుపులో రోడ్డు ఎట్లా వాలి ఉంటుందో అట్లా. దాని మీద లారీని పెట్టి, మూటలు వీరభద్రయ్య కాళ్ల ముందు పోశాడు.

"నీ చేత్తోనే ఎత్తన్నా. నేను ఎత్తితే మోసమంటావు."

చుట్టూ జనం. కాదనడానికి లేక వాడు వంగి మూటలు పేర్చాడు. నా తమ్ముడు కట్టిన ఎత్తు దాకా నిండాయి. లారీ కదల్లేదు. అప్పుడు ఉలిగప్ప సంచిలోంచి రెండంగుళాల ఎత్తు పలకలు తీసి తొట్టి చుట్టూ బిగించాడు.

"ఇవి నేను కట్టినవి కాదు. ధర్మవరంలో నువ్వు కట్టిచ్చుకున్నవి. ఊఁ, మిగిలినవీ ఎత్తు."

"ఎత్తను పో."

"ఎత్తన్నా. ఆ పొద్దు ఎత్తినావు కదా, ఈ పొద్దు చెయ్యి రాదా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడికి రోషం వచ్చి మిగిలిన మూటలన్నీ గబగబా పేర్చాడు. చివరి మూట పెట్టి చెయ్యి తీశాడో లేదో, లారీ పక్కకు ఒరిగి పలక మీద దభాలున పడింది. మూటలు పోయి వీరభద్రయ్య చెప్పుల మీద పడ్డాయి. వీరభద్రయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు.

గెలిచాడు నా తమ్ముడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పే పని నాకు ఉండేది కాదు.

మా వైపు కొత్త లారీ షెడ్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఉలిగప్ప షెడ్డులో ఆ నిమ్మకాయలు పెట్టేది ఆ బండి డ్రైవరు పెళ్లాం. అది వాడు పెట్టుకున్న ఆచారం. బండి మీద ప్రాణం పెట్టి కూర్చునేది డ్రైవరు, యజమాని కాదు కదా అనేవాడు. ఆ లారీకి పెట్టింది నేను. పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని, నాలుగు మూలలా పెట్టాను.

కుర్చీలోంచి లేచి పోతూ పోతూ వీరభద్రయ్య నా వైపు చూసి అన్నాడు: "సరేలేప్పా, తొట్టిది తప్పు లేదు. నిమ్మకాయలు పెట్టిన చెయ్యి అట్లాంటిది. ఏం చేస్తాం?"

ఒక్కడు కూడా కాదనలేదు. ఇంతకుముందు నవ్వినవాళ్లు కూడా తలలు ఊపారు. వాడి మీద పడాల్సిన తప్పు తమ్ముడి మీదికి తోశాడు, తమ్ముడు దులుపుకుంటే నా మీద పోశాడు. ఆడదాని మీద పోస్తే దులుపుకునే వీలుండదని వాడికి తెలుసు. మొగుడు పోయాక నేను తమ్ముడి దగ్గరే ఉన్నాను. ఆ రోజు మొదలు షెడ్డులోంచి కొత్త బండి బయటికి వచ్చిందంటే, "తిప్పమ్మా, కొంచేపు లోపలికి పోమ్మా" అని ఎవరో ఒకరు అనడం. నేను పోను. నిలబడి చూసేదాన్ని. వాళ్లే బండిని ఇంకో సందులోకి తోసుకునిపోయి తొక్కించుకునేవాళ్లు.

కొద్దికాలానికి షెడ్డుకు బండ్లు రావడమే మానేశాయి. నా వల్ల కాదు, అట్లా అనుకునే తెలివితక్కువదాన్ని కాను. స్టాండులో ప్రతివాడూ తొట్టి పెంచుకున్నవాడే. పెంచితే పడుతుందని అందరి ముందూ చూపిన మనిషికి ఎవడు పని ఇస్తాడు? గెలిచినందుకు వాడికి దక్కిన బహుమానం అది.

అప్పుడు ఉలిగప్ప బొమ్మలే పనిగా పెట్టుకున్నాడు. నూనె డబ్బాల రేకు కత్తిరించి క్యాబిన్, పాత టైరు రబ్బరు కోసి చక్రాలు, విరిగిన రంపపు బ్లేడ్లు వంచి స్ప్రింగుల్లాంటి కమాను పట్టీలు, సైకిలు పుల్లలతో స్టీరింగు కడ్డీ. పట్టీలను వేలితో నొక్కితే కిందికి పోయి పైకి లేచేవి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగేవి. రేకు అంచు గీరుకుని వేళ్లకు ఎప్పుడూ గాట్లే. మా మరదలు నాగమణి పసుపు అద్దుతూ తిట్టేది. "లారీలు కట్టేటప్పుడు కూడా ఇన్ని దెబ్బలు తగల్లేదు కదా నీకి!"

"అది పెద్ద బండి, తట్టుకుంటాది. ఇది చిన్నది, దీనికి కోపం జాస్తి," అనేవాడు.

లేని బండిని చేసేవాడు కాడు. ఎవరు అడిగినా ముందు బండి చూపించమనేవాడు. చిలమత్తూరు నుంచి ఒక రిటైరైన బస్సు డ్రైవరు వచ్చి తను నడిపిన బస్సు చేసిమ్మన్నాడు. ఉలిగప్ప డిపోకు పోయి, బస్సు చుట్టూ తిరిగి, అక్కడివాళ్లను అడిగి, చేసి ఇచ్చాడు. ఆయన చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ముందర ఈ సొట్ట ఏమిటికి పెట్టినావప్పా?"

"నువ్వు పెట్టిందే కదన్నా. పరిగి దగ్గర ఎనుములకు తగిలిచ్చి."

ఆ పెద్దాయన కాసేపు గుర్రుగా చూసి, తర్వాత పగలబడి నవ్వి, సొట్ట నిమురుకుంటూ తీసుకుపోయాడు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి కృష్ణమూర్తి వచ్చి అంగడిలో పెట్టుకోవడానికి విమానం కావాలన్నాడు. మావాడు పుట్టపర్తికి పోయి, విమానాల మైదానం కంచె పట్టుకుని రెండు రోజులు నిలబడి వచ్చాడు. పోలీసులు తరిమారంట. అయినా చేశాడు. రెక్కల కింది చక్రాలు మడిచి లోపలికి పెట్టేట్టు కూడా చేశాడు. చేసి, దానికీ నిమ్మకాయలు తొక్కించాడు.

నవ్వుతారేమో. ఏ బొమ్మ పూర్తయినా నిమ్మకాయలు తొక్కించనిదే ఇంట్లోంచి పంపేవాడు కాడు. బొమ్మకు మామూలు నిమ్మకాయ చితకదు కాబట్టి చెట్టు కింద రాలిన పిందెలు తెచ్చేవాడు. నట్లూ బోల్టులూ తొట్టిలో నింపి బరువు చేసి తోసేవాడు. పిందె చిట్లాలి, పుల్లటి వాసన రావాలి. అప్పుడే అది బండి, లేకపోతే ఆటవస్తువు. పెట్టేది నాగమణి. నేను వాకిట్లో కూర్చుని చూసేదాన్ని. నన్ను వాడు లోపలికి పొమ్మనలేదు, పెట్టమని కూడా అనలేదు. ఆ రెండోదానికి నాకు లోలోపల మండేది. బయటపడితే నేను తిప్పమ్మనే కాదు.

ఇన్ని చేసినవాడు ఒక్కటి మాత్రం పూర్తి చెయ్యలేదు. స్టాండులో పడి లేచిన ఆ చెక్క లారీ. దానికి రేకు క్యాబిన్ కట్టాడు. రంగు వేశాడు. నచ్చక గీకి మళ్లీ వేశాడు. మా ఆయన సీటు మీద పరుచుకునే గళ్ల తువాలులోంచి అంగుళం ముక్క అడిగి తీసుకుని, లోపల సీటు మీద పరిచాడు. ధర్మవరం పలకలు పీకి పారేసి, తను కట్టిన తొట్టి ఎంత ఎత్తో అంతే ఉంచాడు. ఏళ్లు గడిచాయి. వేళ్లు వణకడం మొదలైంది, కళ్లద్దాలు దళసరి అయ్యాయి. లారీ మాత్రం అటక మీదే ఉంది, నిమ్మకాయలు తొక్కకుండా.

రెండువేల ఆరులో, దసరాకు ముందు, వీరభద్రయ్య మా ఇంటికి వచ్చాడు. అప్పటికి లారీ యజమానుల సంఘానికి పెద్ద. స్టాండులో సంఘానికి కొత్త ఆఫీసు కట్టారంట, అద్దాల బీరువాలో ఆ లారీ పెట్టుకుంటారంట. చూడండి సిగ్గు. నేను చీపురు కోసం చూశాను.

"పాతవన్నీ మర్చిపోదామప్పా," అన్నాడు. "మంచిగా ఉండాది బండి. తొట్టి మాత్రం కొంచెం పెంచియ్యి. ఇప్పటి బండ్లన్నీ అట్లనే కదా, చూసేకి బాగుంటాది."

"పెంచను," అన్నాడు ఉలిగప్ప. "ఇట్లనే పెట్టుకుంటే ఇస్తా. అదీ ఆయుధపూజ పొద్దు, స్టాండులో, మీ బండ్లన్నీ నిలబెట్టినప్పుడు, దీనికీ నిమ్మకాయలు తొక్కిచ్చినాకనే."

"దానికేముందిలే, తొక్కిచ్చు," అని ఒప్పుకుని పోయాడు వీరభద్రయ్య. ఎవరు పెడతారని వాడు అడగలేదు, వీడు చెప్పలేదు.

వాడు వాకిలి దాటగానే నా నోరు ఆగలేదు. "సిగ్గు లేదారా నీకి? నా మొగుడు పోయిన బండిని తీసుకోనిపోయి వాని బీరువాలో పెడతావా? వాడు నన్నేమన్నాడో మర్చిపోతివా?"

ఉలిగప్ప అటక ఎక్కి లారీని దించాడు. గుడ్డతో తుడిచి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పక్కన ఒక కాగితం పొట్లం. విప్పితే పచ్చి నిమ్మ పిందెలు.

"మర్చిపోతే ఇన్నేండ్లు దీన్ని ఎందుకు పెట్టుకుంటానక్కా? ఇది వాని బండి కాదు, బావ బండి. నా షెడ్డు ఆచారం నీకు తెలుసు కదా. డ్రైవరు పెండ్లాం పెట్టకపోతే ఇది కదలదు. నాగమణి పెట్టేది కాదిది. ఆ పొద్దు పట్టుచీర కట్టుకో. స్టాండు నడిమధ్యకి రా, మూలకి నిలబడద్దు. ఎవడన్నా పక్కకి పొమ్మంటే పోవద్దు. వాడు కుర్చీలో కూర్చోని ఉంటాడు చూడు, ఆ కుర్చీ ముందరే నాలుగు చక్రాల కింద నువ్వే పెట్టు. గబగబా పెట్టద్దు. నీ చెయ్యి అందరికీ కనపడేట్ల, నిదానంగా పెట్టు. తోసేది నేను."